తోటకూర కంకి వేసే వేళ

అమెరికాకు వచ్చిన తెలుగువారి పెరళ్ళలో మొట్టమొదట మొలిచే ఆకుకూర సాధారణంగా తోటకూరే. గోంగూరకు, బచ్చలికి కొంత ఓపిక కావాలి. తోటకూరకు కావలసినదల్లా వెచ్చని మట్టి, కాస్త తడి, గుప్పెడు ఎరువు. విత్తిన వారంలోపే మొలకలు కనబడతాయి. నెల తిరిగేసరికి పప్పులోకి ఆకు సిద్ధమవుతుంది. ఇంత సులువైన మొక్క విషయంలోనే న్యూజెర్సీ, మిషిగన్, ఇలినాయి వంటి చలి రాష్ట్రాలలోని కుటుంబాలు ఒక చిక్కును తరచు ఎదుర్కొంటూ ఉంటాయి. స్వదేశపు విత్తనం వేస్తే వేసవి అంతా ఆకు పుష్కలంగా వస్తుంది, కాని మరుసటి ఏటికి విత్తనం చేతికి రాదు. సెప్టెంబరులో కంకి తొంగిచూస్తుంది; అక్టోబరు మంచు దానిని నల్లగా మాడ్చివేస్తుంది. పట్టుదలతో ఏ రెండు మూడు మొక్కల నుండో గింజ దక్కించుకున్న వారికి మరొక చిక్కు ఎదురవుతుంది. నాలుగయిదేళ్ళు గడిచేసరికి అదే తోటకూర మోకాలెత్తు కూడా ఎదగకుండానే పూతకు వస్తుంది. ఆకు చిన్నదవుతుంది, కాడ త్వరగా నారబారుతుంది. "విత్తనం పాతబడిపోయింది" అని సరిపెట్టుకుని, మళ్ళీ ఎవరైనా ఇండియా వెళ్ళినప్పుడు తెప్పించుకోవాలనుకుంటారు.

విత్తనం పాతబడితే మొలక శాతం తగ్గుతుంది గాని మొక్క స్వభావం మారదు. స్వభావం మారినదంటే ఎక్కడో ఎంపిక జరిగినదని అర్థం. ఆ ఎంపికను సగం చలి చేస్తుంది, సగం వంటిల్లు చేస్తుంది. అది ఎట్లా జరుగుతుందో తెలియాలంటే, తోటకూర ఏ తీరుగా పెరుగుతుంది, ఆ తీరు దాని పూతను, గింజను ఏ విధంగా శాసిస్తుంది అన్న సంగతిని కొంత వివరంగా పరిశీలించవలసి ఉంటుంది.

ఒక పేరు, అనేక తీరులు

తోటకూరలు అమరాంథస్ అనే ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతిలో సుమారు 70 జాతులున్నాయి. 'వాడనిది' అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఈ పేరు వచ్చింది. కంకిలోని పొలుసుల వంటి పత్రాలు ఎండిన తరువాత కూడా చాలాకాలం రంగు కోల్పోవు. మన సంతలలో దొరికే తోటకూరలో అధికభాగం అమరాంథస్ ట్రైకలర్ అనే జాతి. గట్ల వెంబడి మొలిచే చిలకతోటకూర, పశువుల దొడ్ల చుట్టూ పెరిగే ముళ్ళతోటకూర దీనికి దాయాదులు. ఉత్తర భారతదేశంలో ఉపవాసాల నాడు లడ్డూలు చేసుకునే రాజ్‌గిరా గింజ కూడా ఈ వంశానిదే. కాని దాని పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాల, ఆండీస్ కొండల ప్రాంతం. గింజ కోసం పెంచే ఆ జాతులు మూడు: హైపోకాండ్రియాకస్, క్రూయెంటస్, కాడేటస్.

ఆకు కోసం పెంచే తోటకూరకు, గింజ కోసం పెంచే తోటకూరకు మధ్య ముఖ్యమైన తేడా మొక్క నిర్మాణంలోనే ఉన్నది. మన తోటకూరలో పూలు చాలావరకు ఆకుపంగలలో, కాండాన్ని అంటిపెట్టుకుని, ఆకుపచ్చని చిన్న చిన్న బంతులుగా పుడతాయి. కొనలో ఒక చిన్న వెన్ను వస్తుంది, అంతే. ధాన్యపు జాతులలో ఆ శక్తి అంతా కొనకు చేరుతుంది. మనిషి ఎత్తు కాండం మీద మూరెడు పొడవున ఎర్రగానో పసుపుపచ్చగానో పెద్ద కంకి నిలుస్తుంది. కాడేటస్‌లో అది గుర్రపు తోక వలె కిందికి వేలాడుతుంది కూడా. వేల ఏండ్లుగా ఒకచోట మనుషులు కంకిని కోరుకున్నారు, మరొకచోట ఆకును కోరుకున్నారు. మొక్క రెండు తీరులుగానూ వంగింది.

ఆకుకూరలలో కూడా మళ్ళీ తీరులున్నాయి. ఈ విషయంలో తమిళుల సంత భాష చాలా నిక్కచ్చిగా ఉంటుంది. వేళ్ళతో సహా పీకి అమ్మే లేత మొలకలు వారికి ములైకీరై. ఎత్తుగా ఒంటికాడతో పెంచి కాడ కోసం అమ్మేది తండుకీరై. కోసిన కొద్దీ పిలకలు వేసేది అరైకీరై. తెలుగువారికి ఇన్ని పేర్లు లేకపోయినా తేడా తెలియకపోలేదు. కాడల పులుసుకు ఒకటి, వేపుడుకు ఒకటి అని కొనే ఇల్లాలికి ఈ వర్గీకరణ ఎవరూ నేర్పనక్కరలేదు. బెంగుళూరు సమీపంలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సుగుణ వంటి రకాలు ఈ మూడవ కోవకు చెందినవి. ఒకసారి విత్తి పలుమార్లు కోసుకోవచ్చు.

కొన మొగ్గ పెత్తనం

ఒంటికాడగా పెరగాలా, గుబురుగా పెరగాలా అన్నది నిర్ణయించేది ప్రధానంగా కాండపు కొనలో ఉన్న మొగ్గ. ప్రతి ఆకుపంగలోనూ ఒక పిల్ల మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. కొన మొగ్గ ఉన్నంతకాలం అది వాటిని లేవనివ్వదు. 1930వ దశకంలో కాలిఫోర్నియాలోని పాసడీనా నగరంలో థైమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక జాతి చిక్కుడు మొక్కల తలలు తుంచి, ఆ గాయం మీద ఆక్సిన్ అనే హార్మోను పెట్టి చూశారు. తల లేకపోయినా పిల్ల మొగ్గలు లేవలేదు. తల చేసే పెత్తనం ఆక్సిన్ ద్వారానే అని ఆ విధంగా తేలింది. ఆ తరువాత కథ మరికొంత చిక్కబడింది. వేళ్ళ నుండి పైకి పోయే సైటోకైనిన్‌లు మొగ్గను లేపుతాయని, స్ట్రైగోలాక్టోన్‌లు అనే పదార్థాలు దానిని అణచి ఉంచుతాయని తెలిసింది. ఈ రెండవ సంగతి రుజువైనది 2008లో. బఠానీ మొక్కల మీద ఆస్ట్రేలియాలో చేసి 2014లో ప్రకటించిన పరిశోధన మరొక మలుపు తిప్పింది. తల తుంచగానే మొదట పరుగెత్తుకొచ్చి మొగ్గను మేల్కొలిపేది చక్కెర అట. పెరిగే కొన లాగుకొంటున్న చక్కెర, ఆ కొన పోగానే పక్క మొగ్గలకు దొరుకుతుంది. ఇంటిలో పెద్దన్న ఊరు వెళ్ళినప్పుడు చిన్నవాళ్ళ కంచాలలో వడ్డన పెరిగినట్లన్నమాట.

తోటకూర తల తుంచినప్పుడల్లా పెరటిలో జరుగుతున్నది ఇదే. జానెడు ఎత్తున తలను గిల్లితే కింది కణుపుల నుండి మూడు నాలుగు పిలకలు వస్తాయి. వాటిని గిల్లితే మరికొన్ని వస్తాయి. మొక్క పొట్టిగా, గుబురుగా, ఆకుమయంగా తయారవుతుంది. పూతకు ఇంకా వేళ కాని రోజులలో ఇది నిస్సందేహంగా లాభమే. అయితే ఈ పద్ధతికి మరొక పక్క ఉన్నది. ఒక్క కాడగా ఉన్న మొక్కలో కంకి ఒక్కసారిగా వస్తుంది, గింజ ఇంచుమించు ఒక్కసారిగా పండుతుంది. పదిసార్లు తుంచిన మొక్కలో పది వయసుల పిలకలుంటాయి. ఒక పిలక పూత దశలో, మరొకటి పిందె దశలో, ఇంకొకటి ఇంకా ఆకు దశలో ఉంటుంది. విత్తనం కావలసిన వారికి ఈ ఎగుడుదిగుడే శత్రువు.

మొక్కల మధ్య ఎడం కూడా ఇదే పని చేస్తుంది. నాలుగంగుళాల దూరంలో కిక్కిరిసి పెరిగే మొక్కలు పక్క కొమ్మలు వేయకుండా పైకి సాగుతాయి. అడుగుకు ఒకటిగా నాటితే గొడుగు వలె విచ్చుకుంటాయి. ధాన్యపు తోటకూర సాగు చేసే వారు ఒక విచిత్రం గమనించారు. ఒత్తుగా వేసినా, పలచగా వేసినా ఎకరా దిగుబడి పెద్దగా మారదు. పలచటి చేనులో మొక్కలు కొమ్మలతో ఆ లోటు పూడ్చుకుంటాయి. కాని ఒత్తు చేనులో కంకులు ఒకేసారి పండుతాయి. పలచటి చేనులో కొమ్మ కంకులు వెనుకబడతాయి, బరువుకు కొమ్మలు వాలిపోతాయి. దిగుబడి సమానమైనా కోత సమానం కాదు.

చీకటిని కొలిచే మొక్క

పూత ఎప్పుడు రావాలన్నది మొక్క ఎత్తును బట్టి గాని, వయసును బట్టి గాని పూర్తిగా తేలదు. రాత్రి ఎంత పొడుగన్నది మొక్కకు తెలియాలి. ఈ సంగతి కనిపెట్టినది అమెరికాలోనే. వాషింగ్టన్ నగరపు పొలిమేరలలోని ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు 'మేరీలాండ్ మామత్' అనే పొగాకు రకం సమస్యగా మారింది. వేసవిలో అది ఆకులు వేస్తూ పోయేది గాని పూసేది కాదు; చలికాలం గాజు ఇంట్లో పెడితే చిన్న మొక్కగా ఉన్నప్పుడే పూసేది. వారు వేసవి సాయంత్రాలు ఆ మొక్కలను చీకటి గదిలోకి మోసి, పగలును కురచ చేసి చూశారు. పొగాకు పూసింది. 1920లో ప్రకటించిన ఆ పరిశోధనతో హ్రస్వ దీప్తికాల మొక్కలు, దీర్ఘ దీప్తికాల మొక్కలు అనే విభజన పుట్టింది. మొక్క నిజానికి లెక్కించేది పగలును కాదు, ఎడతెగని చీకటిని అని 1938లో హామ్నర్, బానర్ మన మరులమాతంగికి చెందిన జాతి మీద చేసిన ప్రయోగాలతో తేల్చారు. పొడుగాటి రాత్రి నడుమ కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే ఆ రాత్రి లెక్కలోకి రాలేదు.

ఆ దీపాన్ని చూసే కన్ను ఏది? ఇది రసాయన శాస్త్రానికి దక్కిన ప్రశ్న. మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, స్టెర్లింగ్ హెండ్రిక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, వారి సహచరులు ఏండ్ల తరబడి వెదికి 1959లో ఫైటోక్రోమ్ అనే వర్ణకాన్ని చూపారు. ఎరుపు కాంతి తగిలితే అది ఒక రూపానికి, అంతకంటె ముదురైన, కంటికి సరిగా ఆనని ఎరుపు తగిలితే మరొక రూపానికి మారుతుంది. పొడుగాటి రాత్రిని ఆకులు ఈ వర్ణకం సాయంతో గుర్తిస్తాయి. అక్కడి నుండి కబురు కొనకు పోవాలి. ఆ కబురుకు 1930వ దశకంలోనే చైలాఖ్యాన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్లోరిజన్ అని పేరు పెట్టాడు. అది ఒక చిన్న ప్రోటీను అని రుజువు కావడానికి 2007 వరకు పట్టింది. ఆకులో పుట్టి, చక్కెర ప్రవహించే నాళాల వెంబడి ప్రయాణించి, కొన మొగ్గను చేరి, ఇక ఆకులు చాలు, పూలు వేయి అని అది చెబుతుంది.

తోటకూరలు చాలావరకు హ్రస్వ దీప్తికాల మొక్కలు, అంటే రాత్రులు పొడుగైతే పూసేవి. అయితే వీటిలో ఎక్కువ భాగం అంత మొండివి కావు. పొడుగు పగళ్ళలో కూడా ఎప్పటికో ఒకప్పటికి పూస్తాయి. కురచ పగళ్ళు వస్తే తొందరపడతాయి. రకాన్ని బట్టి ఈ తొందరలో ఎంతో తేడా ఉంటుంది. క్రూయెంటస్ జాతికి ఈ పట్టింపు కొంత తక్కువ.

ఇప్పుడు హైదరాబాదును, న్యూజెర్సీని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అక్కడ జూన్ మాసపు అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరులో అతి కురచ పగలు 11 గంటలకు కొంచెం పైన. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలే. మధ్య న్యూజెర్సీ 40 డిగ్రీల మీద ఉన్నది. అక్కడ జూన్ పగలు 15 గంటలు. ఏప్రిల్ మధ్య నుండి ఆగస్టు చివరి దాకా అక్కడి ప్రతి పగలూ హైదరాబాదు ఏనాడూ చూడనంత పొడుగు. తెలంగాణలోనో కోస్తాలోనో తరతరాలుగా పెరిగిన తోటకూరకు అది అంతులేని ఆకుల కాలం. వేసవిలో ఆకు అంత పుష్కలంగా రావడానికి ఎరువు ఒక్కటే కారణం కాదు. సెప్టెంబరు వచ్చాక గాని దానికి తన ఊరి పొద్దు కనబడదు. అప్పుడు పూత మొదలైతే తొలి మంచుకు మిగిలేది అయిదారు వారాలు, అవి కూడా చల్లని వారాలు. తోటకూర వేడిని కోరే మొక్క. రాత్రులు చల్లబడిన కొద్దీ దాని పని మందగిస్తుంది. హ్యూస్టన్‌లోని బంధువులు ఇదే విత్తనంతో సీసాల కొద్దీ గింజ తీస్తున్నారంటే వారి చేతి చలవ అనుకోనక్కరలేదు. అక్కడ పగలు ఆగస్టు చివరి వారంలోనే 13 గంటలకు దిగుతుంది. మంచు పడితే డిసెంబరు ప్రాంతంలో పడుతుంది, కొన్ని ఏళ్ళు పడనే పడదు. పూతకు, మంచుకు మధ్య మూడు నెలలు దొరుకుతాయి.

సెప్టెంబరులో ఎంత తుంచినా ఆకు రాకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉన్నది. కొత్త పిలకను లేపే ఆకులు అప్పటికే పూత కబురు పంపుతున్నాయి. ఆ పిలక రెండాకులు వేసి మూడవదానికి పూలు తొడుగుతుంది. ఆ దశలో మొక్కతో పోరాడి ప్రయోజనం లేదు.

కంకిలో ఏమి జరుగుతుంది

తోటకూర పూవును పూవుగా ఎవరూ గుర్తించరు. రేకులు లేవు, తేనె లేదు, వాసన లేదు. గాలి మీదనే దాని కాపురం. చేతిలోకి తీసుకుని భూతద్దంతో చూస్తే ఒక్కొక్క గుత్తిలోనూ ఒక క్రమం కనిపిస్తుంది. ధాన్యపు జాతులలో ప్రతి గుత్తికీ మొదటి పూవు మగ పూవు. అది పుప్పొడి రాల్చి తానూ రాలిపోతుంది. దాని చుట్టూ తరువాత తరువాత పుట్టేవన్నీ ఆడ పూవులు. అందువల్ల ఒక గుత్తిలోని ఆడ పూవులకు పక్క గుత్తి నుండో, పక్క కంకి నుండో పుప్పొడి అందవలసి వస్తుంది. ఎక్కువసార్లు అది ఆ మొక్కదే అవుతుంది. కొన్నిసార్లు పొరుగు మొక్కది అవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తోటకూరలను పక్కపక్క మళ్ళలో పెంచి విత్తనం కట్టిన వారికి మరుసటి ఏడు అక్కడక్కడ మధ్యరకం రంగులు కనబడేది ఇందుకే. అమెరికా పొలాలలో కలుపుగా పెరిగే పిగ్‌వీడ్‌లతో ధాన్యపు జాతులు సులభంగా కలుస్తాయి. మన ట్రైకలర్ ఆ కలుపు మొక్కలకు దూరపు శాఖ కాబట్టి ఆ భయం తక్కువ.

కంకికి అంతం ఉన్నదా లేదా అన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. నర్సరీలో టొమాటో మొక్క కొన్నవారు దాని చీటీ మీద 'డిటర్మినేట్', 'ఇన్‌డిటర్మినేట్' అన్న మాటలు చూసే ఉంటారు. మొదటిది ఒక ఎత్తుకు వచ్చి ఆగి ఒకేసారి కాస్తుంది. రెండవది మంచు పడేదాకా పెరుగుతూ కాస్తూ పోతుంది. ఆ తేడాకు కారణమైన జన్యువును 1998లో గుర్తించారు. అది ఫ్లోరిజన్‌కు దాయాది వంటి ప్రోటీనును తయారు చేస్తుంది. ఫ్లోరిజన్ పూయమంటే ఇది ఇంకా పెరగమంటుంది. కంది పంటలో కూడా ఇటువంటి జన్యువే కొమ్మ ఆగడాన్ని శాసిస్తుంది. తోటకూరలు సహజంగా ఆగని తీరువి. కొన సాగుతూనే ఉంటుంది, గుత్తుల మీద గుత్తులు పుడుతూనే ఉంటాయి. అందువల్ల ఒకే కంకిలో రాలడానికి సిద్ధమైన గింజ, పాలు పోసుకుంటున్న గింజ, అప్పుడే విచ్చుకుంటున్న పూవు కలిసి ఉంటాయి. దీనికి అపవాదం లేకపోలేదు. అర్జెంటీనా వాయవ్య ప్రాంతంలో కాడేటస్‌కు చెందిన ఒక రకం గద వంటి మొద్దు కంకి వేసి అంతటితో ఆగిపోతుంది.

గింజ పరిమాణంలో ఆవగింజ కంటె చిన్నది. ఒక గ్రాముకు వెయ్యికి పైగా తూగుతాయి. దాని నిర్మాణం వడ్లకు, గోధుమకు భిన్నమైనది. వడ్లలో పిండి ఉండేది అంకురచ్ఛదంలో. తోటకూర గింజలో నడుమ ఉన్న పిండి పరిచ్ఛదానిది, అంటే తల్లి మొక్క కణజాలానిది. బీజం ఆ పిండి చుట్టూ కడియం వలె చుట్టుకుని ఉంటుంది. నూనె, ప్రోటీను చాలావరకు ఆ కడియంలోనే ఉంటాయి. బియ్యంలోను, గోధుమలోను కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం ఈ ప్రోటీనులో దండిగా ఉన్నది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆసిస్ దత్తా బృందం ఈ గింజలోని ఒక ప్రోటీను జన్యువును వేరుచేసి 1992లో ప్రకటించింది. దానిని బంగాళాదుంపలోకి ఎక్కించడం తరువాతి ముచ్చట.

ఈ పిండి, ఈ ప్రోటీను ఎక్కడి నుండి వస్తాయి? ఆకుల నుండి. గింజ కట్టే రోజులలో ఆకులోని నత్రజని మూటకట్టుకుని కంకికి తరలిపోతుంది. ఆకు పాలిపోయి గరుకెక్కుతుంది, కాడ నారగా మారుతుంది. అప్పటిదాకా ఆకు తుంచుకు తిని, ఆపైన గింజ కూడా బాగా రావాలంటే మొక్క ఎక్కడి నుండి తెస్తుంది? ఒకే మొక్కను ఆకుకూ విత్తనానికీ వాడే ఇళ్ళలో గింజ తాలుగా పోవడానికి చలితో పాటు ఇదీ ఒక కారణం.

నెబ్రాస్కాలో దొరికిన జవాబు

పెరటిలో ఎదురైన ఈ చిక్కే ధాన్యపు తోటకూరను అమెరికాకు తెచ్చిన వారికి పెద్ద ఎత్తున ఎదురైంది. 1970వ దశకంలో పెన్సిల్వేనియాలోని రోడేల్ పరిశోధన క్షేత్రం ప్రపంచం నలుమూలల నుండి తోటకూర విత్తనాలు సేకరించి పెంచడం ప్రారంభించింది. 1984లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ పంట భవిష్యత్తు మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే వెలువరించింది. మెక్సికో రకాలు అక్కడి పొలాలలో నిలువెత్తు దాటి పెరిగాయి గాని మంచుకు ముందు పండలేదు. పొట్టిగా, త్వరగా, ఇంచుమించు ఒకేసారి పండే మొక్క కావలసి వచ్చింది. హైపోకాండ్రియాకస్‌ను దాని అడవి బంధువైన హైబ్రిడస్‌తో కలిపిన సంతతి నుండి ఎంపిక చేసిన 'ప్లెయిన్స్‌మన్' రకాన్ని నెబ్రాస్కా శాస్త్రజ్ఞులు 1992లో నమోదు చేశారు. అది చలి రాష్ట్రాలలో నిలదొక్కుకున్నది. అయినా ఆ రకాన్ని కూడా చాలాచోట్ల తొలి మంచు మొక్కను చంపి ఎండబెట్టిన తరువాతనే యంత్రంతో కోస్తారు; ఆగని కంకిని ఆపడానికి మంచునే కత్తెరగా వాడుకోవడమన్నమాట. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2017లో ఆండీస్ తోటకూరను పరిశీలించి, వేల ఏండ్ల సాగు తరువాత కూడా ఈ మొక్క పూర్తిగా మచ్చిక కాలేదని అభిప్రాయపడ్డారు. గింజ చిన్నదిగానే ఉన్నది, పొద్దు పట్టింపు పోలేదు. మచ్చిక కాని మొక్క అంటే ఇంకా ఎటైనా వంగగల మొక్క అని కూడా అర్థం.

నెబ్రాస్కాలో శాస్త్రజ్ఞులు తెలిసి చేసిన పనినే పెరటి తోటమాలి తెలియక చేస్తున్నాడు. దక్కించుకున్న ఆ కొద్ది గింజ ఏ మొక్కలది? అందరికంటె ముందు పూసి మంచుకు చిక్కకుండా తప్పించుకున్న మొక్కలది. ఇది చలి చేసిన ఎంపిక. వంటిల్లు చేసే ఎంపిక ఇంకా నిశ్శబ్దమైనది. మడిలో ఏ మొక్క ముందుగా పూత పట్టి ముదిరిందో దానిని "ఇది ఇక కూరకు పనికిరాదు, విత్తనానికి ఉంచుదాం" అని వదిలివేస్తారు. ఆకు విశాలంగా, లేతగా, ఆలస్యంగా పూసే మంచి మొక్కను నోరూరి కోసుకు తింటారు. మంచి మొక్క వంశం పులుసులో ముగుస్తుంది, తొందరపాటు మొక్క వంశం నిలుస్తుంది. నెబ్రాస్కాకు కంకి కావాలి కనుక తొందర అక్కడ వరం. ఆకు కావలసిన వారికి అదే నష్టం. ఊరిలో విత్తనం కట్టే రైతు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాడు: ముందు పూసినవాటిని పీకివేసి, చివరిదాకా ఆకు నిలిపిన మొక్కలనే గింజకు ఉంచుతాడు.

తోటకూరనాడే మందలించవలసిందన్న సామెత మన భాషలో ఉండనే ఉన్నది. విత్తనపు మొక్కల ఎంపిక సెప్టెంబరులో చేసేది కాదు, జూన్‌లోనే చేసుకోవాలి. పొడుగు పగళ్ళలోనే పూత చూపిన మొక్కలను మొహమాటం లేకుండా వంటకు కోసివేయాలి. ఆకు నచ్చిన మొక్కలను పదీ పన్నెండు గుర్తుపెట్టుకుని, వాటి తల గాని ఆకు గాని ముట్టుకోకుండా, దగ్గర దగ్గరగా ఒంటికాడలుగా పెరగనివ్వాలి. రెండింటితో సరిపెట్టుకుంటే రకంలోని వైవిధ్యం కొద్ది తరాలలోనే హరించుకుపోతుంది.

ఇక మిగిలినది పొద్దు. గార్నర్, అలార్డ్ పొగాకును మోసిన చీకటి గదికి బదులు పెరటిలో ఒక పెద్ద అట్టపెట్టె చాలు. మొక్కలు కుండీలలో ఉంటే మరీ మేలు. కారు షెడ్డులోకి లాగవచ్చు. జులై మొదటివారం నుండి సాయంత్రం 6 గంటలకు మూసి, ఉదయం 8 గంటలకు తీయాలి. 14 గంటల చీకటి అన్నమాట. నడుమ షెడ్డు దీపం వేయకూడదు. ఉదయం పెట్టె తీయడం మరిచిపోతే ఎండకు మొక్క ఉడికిపోతుంది, అదొక్కటే జాగ్రత్త. ఆకుపంగలలో పూల బంతులు స్పష్టంగా కనబడేదాకా, సుమారు మూడు నాలుగు వారాలు, ఒక్క రాత్రి కూడా తప్పకుండా ఇది సాగాలి. పిల్లలున్న ఇళ్ళలో ఒక కుండీని మూయకుండా పక్కనే ఉంచితే రెండింటి తేడా వారే చెబుతారు. ఈ పద్ధతిలో తొందరపాటు మొక్కకూ నిదానపు మొక్కకూ పూత ఇంచుమించు ఒకే కాలంలో వస్తుంది, వేడి ఇంకా ఉండగానే గింజ పాలు పోసుకుంటుంది. చలి చేసే ఎంపిక చాలావరకు తప్పిపోతుంది. వీధి దీపం కింద ఉన్న మడిలో పూత మరీ ఆలస్యమవుతుంటే అనుమానించవలసినది కూడా ముందు ఆ దీపాన్నే.

గింజ పండినదీ లేనిదీ చేతితోనే తెలుస్తుంది. కంకిని అరచేతిలో నలిపితే నల్లగా, నిగనిగలాడుతూ రాలేవి పండినవి; గోధుమ రంగువి ఇంకా పచ్చివి. కింది బంతులు రాలడం మొదలుపెట్టగానే కాండాన్ని కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా నాలుగు రోజులు వేలాడదీసి, దులిపి, సన్నజల్లెడ పట్టి చేటతో చెరగాలి. నీడలో బాగా ఆరిన తరువాతనే సీసాకు ఎత్తాలి. గింజలోని తేమ ఒక శాతం తగ్గినా, ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల సెంటీగ్రేడు తగ్గినా విత్తనపు ఆయుర్దాయం రెట్టింపవుతుందని హారింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన మోటు లెక్క ఒకటి ఉన్నది. బిగుతు మూత గల సీసాలో, రిఫ్రిజిరేటరులో అయితే కొన్నేళ్ళు నిలుస్తుంది. స్వదేశం నుండి కొత్తగా తెచ్చుకోదలచిన వారు మాత్రం అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనల ప్రకారం మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, ముందస్తు అనుమతో లేకుండా పెట్టెలో వేసుకుని రాకూడదు. విమానాశ్రయంలో ప్రకటించక తప్పదు. సీసా మీద రకం పేరు, సంవత్సరం, ఎన్ని మొక్కల నుండి తీసినది కూడా రాసి పెట్టుకుంటే మంచిది. మట్టి బాగా వెచ్చబడక ముందు, అంటే న్యూజెర్సీలో మే నెల మధ్యకు ముందు, ఆ సీసా తెరవనవసరం లేదు.